సర్వర్‌కు చెమట పట్టకూడదు!

మీ ఇంట్లో సర్వర్ లేదా? అయ్యో, మరి మీ ఇంట్లో మనుషుల గతేమిటి!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అడుగుతున్నాను. మనిషి సుఖంగా బతకాలంటే చదువుండాలని కొందరు, పలుకుబడి ఉండాలని కొందరు, ఆరోగ్యం ఉంటే చాలని ఇంకొందరు చెబుతుంటారు. ఇవన్నీ పొద్దుపోని కబుర్లు. మనిషి సుఖంగా బతకాలంటే పక్కన ఒక కంప్యూటర్ పెట్టె ఉండాలి. అది కొత్తదై ఉండాలి. నాజూకుదై ఉండాలి. దానికి చిన్న నలత చేస్తే ఇంటాయన గుండె జారిపోవాలి. ఇవి కుదిరాయా, ఇక మీ జన్మ ధన్యం!

ఈ జ్ఞానం నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో గల్లాపెట్టె వెనక కూర్చుని సంపాదించాను. నా పేరు కమలాక్షి. అంగడి బోర్డు మీద ఉన్న పేరు మాత్రం మా ఆయన చంద్రమోహన్‌ది. గల్లా దగ్గర కూర్చునేది నేను, బోర్డు కింద నిలబడి ఫోటోలు దిగేది ఆయన, మా ఇద్దరి మీదా పెత్తనం చేసేది మా అత్త నల్లమ్మ. పని విభజన బాగానే ఉందని అందరూ మెచ్చుకుంటారు.

అంగడి వెనక మాకొక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక గుంత మగ్గం. మగ్గం మీద తిమ్మరాజు, మంజులత అనే ఆలుమగలు. మాకు చీరలు నేసేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు గానీ, వాళ్లంతా ఎవరిళ్లలో వాళ్లు నేస్తారు. వీళ్లుండే అద్దె గదిలో మగ్గం పట్టదు కాబట్టి మా షెడ్డులో నేస్తారు. ఏ కొత్త డిజైనైనా మొదటి చీర వీళ్ల మగ్గం మీదే దిగాలి. అది బాగా దిగితేనే మిగతావాళ్లకు ఆర్డరు వెళుతుంది.

గుంత మగ్గం చూడనివాళ్ల కోసం ఒక ముక్క. నేలలో గుంత తవ్వుతారు. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దింపి, కింద ఉండే చెక్కల్ని తొక్కుతూ నేస్తారు. ఎండాకాలంలో గుంత చల్లగానే ఉంటుంది. వానాకాలంలో మరీ చల్లగా ఉంటుంది. ఎందుకంటే అందులో నీళ్లూరతాయి.

ఇక సర్వర్ గారి సంగతి. 'గారు' అని ఎందుకంటున్నానో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

మేము బిల్లులు చేత్తో రాయడం మానేసిన ఏడాది ఒక నల్లటి పెద్ద పెట్టె మా ఇంటికి వచ్చింది. కొన్నాళ్లకు లెక్కలకు ఇంకొకటి, చీరల డిజైన్లకు మరొకటి వచ్చాయి. మూడింటికీ కలిపి అంగడి పక్కన ఒక గది. ఆ గదికి టైల్స్, తెల్ల సీలింగు, అద్దాల తలుపు, ఏసీ! గది బయట చెప్పులు విడవాలి. లోపల గట్టిగా మాట్లాడకూడదు. తుమ్ము వస్తే బయటికొచ్చి తుమ్మాలి. గుళ్లో కూడా మా ఆయన ఇంత భక్తిగా ఉండగా నేను చూడలేదు.

ధర్మవరం ఎండలు మీకు తెలియనివి కావు. మధ్యాహ్నం పూట రోడ్డు మీద ఆటోవాళ్లు కూడా మాట్లాడుకోరు. అలాంటి రోజుల్లో సర్వర్ గదిలో దుప్పటి కప్పుకోవచ్చు! మరి ఇది వరం కాదా? మా అత్త జపమాల పట్టుకుని మధ్యాహ్నమంతా అక్కడే జపం చేసుకునేది. ఆ జపంలో గురక కూడా వినిపించేది. మల్లెపూలు అక్కడ పెడితే మర్నాటికీ వాడేవి కావు. పెరుగు పులిసేది కాదు. మా ఆడబిడ్డ కూతురి పెళ్లిచూపులు ఎక్కడ జరిగాయనుకున్నారు? సర్వర్ గదిలోనే! పెళ్లికొడుకు వాళ్లు ఒక పట్టాన లేవలేదు. ఆ సంబంధమే ఖాయమైంది. దీనికి కారణం అమ్మాయి చక్కదనమా, చల్లదనమా అన్నది ఇప్పటికీ తేలలేదు.

గోడకు అవతల షెడ్డులో తిమ్మరాజు నెత్తిన తడి తువ్వాలు వేసుకుని నేస్తుండేవాడు. వాళ్లకు ఒక టేబుల్ ఫ్యాన్ ఉండేది. 'ఉండేది' అన్నాను, గమనించండి.

పోయిన మే నెలలో, ముహూర్తాలు ముంచుకొస్తున్నప్పుడు, సర్వర్ గారికి జబ్బు చేసింది. బీప్ బీప్‌మని మూలుగు మొదలుపెట్టారు. అంగట్లో తనకల్లు నుంచి వచ్చిన పెళ్లివారు చీరలు ఎంచుకుని కూర్చున్నారు. బిల్లు రావడం లేదు. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరిగెత్తి వెళ్లి విసనకర్ర తెచ్చి, ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చుని విసరడం మొదలుపెట్టాడు! పాఠకులారా, మాకు పెళ్లయి ఇరవై ఏళ్లు. రెండు కాన్పులకూ నాకు ఎండాకాలమే వచ్చింది. నాకు విసిరిన చేయి కాదది.

విసనకర్ర చాలలేదు. "షెడ్డులో ఫ్యాను ఉండాది గదా, పట్టుకురాపో!" అని పనివాడి మీద అరిచాడు. ఫ్యాను వచ్చింది. సర్వర్ గారు కాస్త తేరుకున్నారు. ఆ ఫ్యాను మళ్లీ షెడ్డుకు వెళ్లలేదు.

హిందూపురం నుంచి విజయ్ కుమార్‌ను పిలిపించాం. ఈయన మా ప్రాంతంలో కంప్యూటర్లకు ఘనమైన డాక్టరు. బండి మీద సోమందేపల్లి, పెనుకొండ దాటుకుని, ఎండలో మాడి, మధ్యాహ్నానికంతా దిగాడు. మా ఆయన ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా నేరుగా గదిలోకి తీసుకెళ్లాడు. విజయ్ కుమార్ మూత తీసి చూసి, లోపలి దుమ్ము ఊది, తల అడ్డంగా ఆడించాడు.

"అన్నా, ఇంగ దీన్ని లాగలేము. వయసైపోయిండాది. ఇప్పుడు నువ్వు దుడ్లు చూసుకుంటే రేపు డేటా పోతాది. దుడ్లు మళ్లా వస్తాయి, డేటా యాడ తెస్తావు?"

"అయితే ఏం చేద్దామప్పా?" మా ఆయన పెట్టె మీద చేయి వేసి అడిగాడు.

"వర్చువలైజ్ చేద్దాం. చిన్న పెట్టె ఒగటి తెస్తా. ఈ మూడు మిషన్లూ దాంట్లోకి పోతాయి. బిల్లింగు బిల్లింగే, లెక్కలు లెక్కలే, డిజైన్లు డిజైన్లే. మూడూ వేరే వేరేగా పని చేస్తాంటాయి. బయట నుంచి చూస్తే మాత్రం ఒగే పెట్టె."

మూలన జపం చేసుకుంటున్న మా అత్త కళ్లు తెరిచింది. "అంటే మూడూ ఉంటాయి, యాడా కనపడవు?"

"ఊ అవ్వా."

"దేవుని మాదిరి."

విజయ్ కుమార్ ఒక క్షణం ఆలోచించి, అట్లే అనుకోమన్నాడు.

మీకు ఇంకా సులువుగా చెబుతాను. ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్లు ఉన్నారనుకోండి. ప్రతి కోడలూ ఈ వంటిల్లంతా తనదేనని నమ్ముతోంది. రెండో కోడలు ఉన్నట్టు మొదటి కోడలికి తెలియదు. గొడవల్లేవు, గిన్నెల చప్పుళ్లు లేవు. ఇదే వర్చువలైజేషన్! ఇంత గొప్ప ఉపాయాన్ని ఉమ్మడి కుటుంబాల కోసం కాకుండా కంప్యూటర్ల కోసం కనిపెట్టారంటే ఆ శాస్త్రవేత్తలను ఏమనాలి?

అందులో డిజైన్ల మిషన్ సంగతి ఇంకా ముచ్చటైనది. దానిలోని సాఫ్ట్‌వేర్ ఎంత పాతదంటే, కొత్త కంప్యూటర్ దాని ముఖం కూడా చూడదు. అందుకని కొత్త పెట్టె లోపల పాత కాలాన్ని సృష్టించి, పాపం ఆ సాఫ్ట్‌వేర్‌ను అందులో కూర్చోబెడతారట. అది తన కాలం ఇంకా నడుస్తోందనుకుంటూ హాయిగా పని చేసుకుంటుంది. వయసైపోయినవాళ్ల మనసు కష్టపెట్టకుండా చూసుకోవడమంటే ఇదీ! ఇంత మర్యాద, ఇంత ఓర్పు ఇళ్లలో ఎక్కడన్నా చూశారా?

వానలు మొదలయ్యే వేళకు పని మొదలైంది. పాత పెట్టెల్లో ఉన్నదంతా కొత్త పెట్టెలోకి పోయాలి. అది గంటల్లో అయ్యే పని కాదని, రోజులు పడుతుందని విజయ్ కుమార్ చెప్పాడు. మా ఆయనకు కొత్త భయం పట్టుకుంది. పక్క షెడ్డులో మగ్గం దడదడకు పాత డిస్క్ అదురుతుందేమో!

"అట్లేం కాదన్నా," అన్నాడు విజయ్ కుమార్.

"నువ్వు ఊరుకోబ్బా. మన జాగ్రత్తలో మనముంటే తప్పేముంది?" అని షెడ్డులోకి వెళ్లి మగ్గం ఆపించాడు.

తిమ్మరాజు బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. మంజులత మాత్రం నా దగ్గరికి వచ్చింది. ఆమె నాకంటే చిన్నదే, నడక చూస్తే పెద్దదనుకుంటారు. మోకాళ్లు వాచి ఉంటాయి. ఏటేటా వానల్లో ఆ గుంతలో తేమకు పాదాలు ఉబ్బి, పగుళ్లు వచ్చి, చలికాలం దాకా తగ్గవు. ఆ గుంతకు సిమెంటు చేయించి, పైన రేకులు మార్పించమని ఏటేటా అడుగుతుంది. మా ఆయన ఏటేటా ఒకటే జవాబు చెబుతాడు. వచ్చే ఏడు చూద్దామంటాడు.

"అదురుతాదంట, అక్కా?" అంది మంజులత.

"అదురుతుందని భయం."

"మేమిన్నేండ్ల నుంచి అదరతానే ఉండాం. మమ్మల్ని ఎవురూ అడగల్యా." ఒక్క క్షణం నవ్వింది. తర్వాత నవ్వకుండా చెప్పింది. "అక్కా, నీకు ముందుగానే చెప్తాండా. దసరా దాకా చూస్తా. ఈతూరి కూడా గుంత ఇట్లే ఉంటే నేను పెనుకొండకు పోతా. మా చెల్లెలు ఆడ ఉండాది గదా. ఆయమ్మ హిందూపురం గార్మెంట్స్‌కు వ్యాన్‌లో పోయొస్తాది. నేను కూడా పోతా. ఆడ కుర్చీలో కూచుని కుట్టొచ్చంట. కాళ్లు తడవవంట."

"తిమ్మరాజు ఏమంటాడు?"

"ఏమంటాడు? ఒగ పక్క అంచు నేను పట్టకుంటే ఆయప్ప ఒగడే నేయలేడు. మగ్గం దించేస్తాడు."

ఆమె చేతిలో పడిన అంచు చూసి పెళ్లివారు చీర వదలకుండా పట్టుకునేవాళ్లు. ఆ చేయి ఎవరివో చొక్కాలకు కాలర్లు కుట్టబోతోంది. నాకు దుఃఖం వచ్చింది, దాంతోపాటు మా ఆయన మీద కోపమూ వచ్చింది. కోపాన్ని గల్లాపెట్టె మీద చూపించాను. అది గట్టిగా మూసుకుంది.

సరే, కథలోకి రండి. వర్చువలైజేషన్ దిగ్విజయంగా పూర్తయింది! మూడు నల్ల పెట్టెలూ బయటికి వెళ్లాయి. వాటి స్థానంలో ఏమొచ్చిందో తెలుసా? నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ అంత పెట్టె! బిల్లు చిటికెలో వస్తోంది. డిజైను తెరవమంటే కాఫీ తాగి వచ్చే పని లేదు. మా ఆయన రోజుకు పదిసార్లు ఉత్తుత్తి బిల్లులు తీసి చూసుకుని మురిసిపోయాడు.

"దీనికి గది కూడా అక్కర్లేదన్నా. యాడన్నా పెట్టుకో. తేమ తగలగూడదు, వేడి తగలగూడదు, అంతే," అని విజయ్ కుమార్ చెప్పి వెళ్లాడు.

పెట్టె గల్లా పక్కకు చేరింది, గది ఖాళీ అయింది! ఈ మాట షెడ్డు దాకా పాకింది. మంజులత వచ్చి గది బయట చెప్పులు విడిచి, మొదటిసారి లోపలికి అడుగుపెట్టింది. ఆ చల్లదనానికి చేతులు కట్టుకుంది. గోడ నుంచి గోడకు కళ్లతోనే కొలిచింది.

"అన్నా, ఈడ మగ్గం పడతాది," అంది.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఆ సంగతి నేను ఒప్పుకుని తీరాలి. ఎవరి మీదా చేయెత్తడు, ఎవరినీ తిట్టడు. ఏం చెప్పినా చాలా మెత్తగా చెబుతాడు.

"పడతాది మంజులా, ఎందుకు పడదు? కాకపోతే గుంత తవ్వాలంటే టైల్స్ పగలగొట్టాల గదా! పెండ్లోల్లు వస్తే కూచునేదానికి ఈడ సోఫాలు వేద్దామనుకుంటాండా. షెడ్డు సంగతి వచ్చే ఏడు చూద్దాంలే."

"సరేన్నా," అంది మంజులత. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం తన చెల్లెలికి ఫోన్ చేసి, దసరా అయిపోతానే వస్తానని చెబుతుంటే నా చెవులారా విన్నాను.

ఇక్కడ ఆయుధపూజ గురించి చెప్పాలి. మా ఇంట్లో ఆయుధపూజ అంగట్లో జరగదు, మగ్గం దగ్గర జరుగుతుంది. మా మామగారి తండ్రి మగ్గం మీద నుంచే అంగట్లోకి వచ్చాడట. అందుకని ఇంట్లోని పనిముట్లన్నీ ఆ రోజు మగ్గం ముందుకు రావాలి. కత్తెర, గజం బద్ద, తక్కెడ, బిల్లింగ్ కీబోర్డు, మా ఆయన స్కూటర్ తాళంచెవి, అన్నీ వరసగా పీటల మీద కూర్చుంటాయి. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ఆ రోజు ఏ పనిముట్టూ పని చేయకూడదు. పాత సర్వర్ గారు బరువైనవారు కాబట్టి ఎప్పుడూ రాలేదు. వారి గదికే వెళ్లి బొట్టు పెట్టి వచ్చేవాళ్లం.

కొత్త పెట్టెకు ఆ ఇబ్బంది లేదు. మా అత్త దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని షెడ్డులోకి తెచ్చి, మగ్గం పక్కన ఎత్తు పీట మీద కూర్చోబెట్టింది. కుంకుమ ఎక్కడ పెట్టాలో మా ఆయన విజయ్ కుమార్‌కు ఫోన్ చేసి అడిగాడు. గాలి పోయే కంతలు వదిలేసి ఎక్కడైనా పెట్టుకోవచ్చని అటువైపు నుంచి సెలవైంది. పూజ బాగా జరిగింది.

విజయదశమి దాటిన మర్నాడు మా ఆయన పెట్టె తీసుకుపోదామని వచ్చాడు.

"తాకగాకు," అంది మా అత్త.

"ఏమ్మా?"

"మగ్గం ముందర కూచోబెట్టి పూజ చేసినాక, అది పని చేసినన్ని దినాలు ఆడనే ఉండాల. కదిలించగూడదు."

"కత్తెర తీసుకుపోతిమి గదా! తక్కెడ తీసుకుపోతిమి! స్కూటర్ తాళంచెవి?"

"అవి పాతవి. ఈ నేమం కొత్తగా ఇంటికొచ్చినదానికి."

"నేనెప్పుడూ వినలేదే ఇట్లాంటి నేమం!"

"ఇప్పుడు వింటివి గదా."

మా ఆయన నా వైపు చూశాడు. నేను మా అత్త వైపు చూశాను. మా అత్త పైన రేకుల వైపు చూసింది. ఇంట్లో ఇంత ప్రాచీనమైన ఆచారం ఉందని ఇన్నేళ్ల కాపురంలో నాకూ తెలియదు. ఆమెకు నేనేమీ నూరిపోయలేదని మనవి చేసుకుంటున్నాను. ముందు రోజు ఆమె కాళ్లకు నూనె రాస్తూ, పక్క షెడ్డులో ఇంకొకరి కాళ్లెలా ఉన్నాయో చెప్పాను. అంతే! కాళ్లకు నూనె రాసేటప్పుడు కాళ్ల గురించి కాక ఇంకేం మాట్లాడతారు?

మా ఆయనకు దేవుడంటే భయం, వాళ్ల అమ్మంటే ఇంకా భయం. ఒక వైరు లాగించి, షెడ్డులో నుంచే పెట్టెను పని చేయించాడు. బిల్లులు వచ్చాయి. అంతా బాగుందనుకున్నాడు. ఆ సాయంత్రం వాన పట్టుకుంది.

వాన చినుకు రేకు మీద పడగానే అంగట్లో నుంచి ఒక కేక వినిపించింది. మా ఆయన గొడుగు పట్టుకుని షెడ్డులోకి దూసుకెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. లోపల తిమ్మరాజు, మంజులత అలవాటైన చేతులతో పడుగు మీద ప్లాస్టిక్ పట్ట పరుస్తున్నారు. మా ఆయన పెట్టె మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తను మాత్రం తడుస్తున్నాడు. ఆ షెడ్డులో ఆయన అంతసేపు నిలబడటం అదే మొదటిసారి. రేకు కంతలోంచి నీళ్లు ఆయన మెడ వెనక పడ్డాయి. గుంతలోకి చూశాడు. అందులో నీళ్లు మిలమిల్లాడుతున్నాయి.

"ఇంత కారుతాదా ఈడ!" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఇది తక్కువేన్నా. పోయినేడు చూడాల్సింది," అంది మంజులత.

"మరి చెప్పొద్దా నాకు!"

తిమ్మరాజు పట్ట కొస లాగి కట్టాడు. మా ఆయన మళ్లీ పెట్టె వైపు తిరిగి, "దీనికేమన్నా అయితే ఏం గతి!" అని గొడుగు ఇంకాస్త కిందికి వంచాడు.

ఆ తర్వాత జరిగింది చూడటానికి రెండు కళ్లూ చాలలేదు. మర్నాడు తెల్లారేసరికి మేస్త్రీ వచ్చాడు! పాత రేకులు దిగాయి, కొత్త రేకులు ఎక్కాయి, వాటి కింద వేడి ఆపే సీలింగు వచ్చింది. నేలలోంచి వచ్చే తేమ పెట్టెకు మంచిది కాదని విజయ్ కుమార్ ఫోన్‌లో అన్నాడు. తేమ ఎక్కడి నుంచి వస్తోంది? గుంతలో నుంచి! అంతే, గుంతకు నాలుగు పక్కలా, అడుగునా సిమెంటు పూత. నీళ్లు ఊరకుండా మందు కలిపిన పూత. గోడకు గాలి లాగే ఫ్యాను. తలుపుకు కింద గ్యాపు లేకుండా రబ్బరు. చివరికి, సోఫాలు వేయాలనుకున్న గదిలోని ఏసీ కూడా ఊడి వచ్చి షెడ్డు గోడకెక్కింది. పెళ్లివారు ఇప్పుడు సోఫాల్లో చెమటలు కక్కుతూ చీరలు చూస్తున్నారు.

ఏటేటా ఒక మనిషి నోరు విడిచి అడిగితే జరగనిది, నోరు లేని పెట్టె వారంలో చేయించింది. ఇప్పుడు చెప్పండి, సర్వర్ వరమా కాదా?

అందుకే నేనొక ప్రతిపాదన చేస్తున్నాను. పెద్దలు దయచేసి ఆలోచించాలి. జనం బస్సు కోసం ఎండలో నిలబడే ప్రతిచోటా ఒక సర్వర్ పెట్టండి. మర్నాటికి నీడ వస్తుంది. పిల్లలు ఉడికిపోయే ప్రతి తరగతి గదిలోనూ ఒకటి పెట్టండి, సీలింగు వస్తుంది. రోడ్డు పక్క టమోటాలు అమ్ముకునే ముసలమ్మ గంపలో ఒకటి పెట్టండి. బట్టలు ఉతికే రాతి మీద, ఇటుక బట్టీల పక్కన, వేరుశెనగ కాయలు వలిచే పాకల్లో కూడా పెట్టండి. అవి ఏ పనీ చేయనక్కర్లేదు. పచ్చ లైటు వెలుగుతుంటే చాలు. దాని చుట్టూ మనుషులు కూడా చల్లగా బతికేస్తారు. ఇంట్లో ఆడవాళ్లకు నా సలహా ఏమిటంటే, వంటింట్లో స్టవ్ పక్కన ఒకటి పెట్టించుకోండి. ఆ తర్వాత నన్ను తలుచుకుంటారు.

పెనుకొండ ప్రయాణానికి మంజులత బట్టల సంచి సర్దిపెట్టుకుని ఉంది. ఆ సంచి విప్పిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. పని అంతా అయిపోయిన రోజు విజయ్ కుమార్ వచ్చి, షెడ్డంతా తిరిగి, పెట్టె మీద చేయి పెట్టి చూసి, "బలే ఉండాదన్నా, దీనికింగ దిగుల్లేదు," అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

మంజులత గట్టు మీద కూర్చుని, కాళ్లు మెల్లగా గుంతలోకి దింపింది. అడుగున పాదాలు ఆనించి, కాసేపు అలాగే ఉండిపోయింది. పొడిగా ఉంది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నేను వేరేవైపు చూశాను.

"అన్నా," అని విజయ్ కుమార్‌ను పిలిచింది. "ఈ పెట్టె ఎన్నేండ్లు పని చేస్తాది?"

"వారంటీ ఐదేండ్లమ్మా."

"ఐదేండ్లు అయినాక?"

"తీసేసి కొత్తది పెడతారు. అప్పటికి యాడ పెట్టుకుంటారో మరి."

ఆమె తిమ్మరాజు ముఖం చూసింది. ఆయన తలూపాడు. "సరే, ఐదేండ్లు యాడికీ పోనులే అక్కా," అని నాతో చెప్పి, అంచు దారం చేతిలోకి తీసుకుంది.

మా ఆయన ఈ మాటలన్నీ వింటూనే ఉన్నాడు. ఆయన మనసు కరిగినట్టుంది. దగ్గరికి వచ్చి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"నువ్వేం దిగులు పడగాకు మంజులా. ఇంకో రెండేండ్లు పొడిగించుకునే స్కీమ్ కూడా ఉండాదంట. రేపే కట్టేస్తా."

పెట్టెకే లెండి!